రోమన్ సరిహద్దు తిరుగుబాటుపై నవల రాస్తే ఎక్కడ తప్పులు దొర్లుతాయి?

ముందుగా లెక్కలు. సెంచూరియన్ అనే దళాధికారి కింద వందమంది ఉంటారని రాసేస్తారు, నిజానికి సుమారు 80 మందే. ఎనిమిదిమందికి ఒక గుడారం, దాన్ని మోయడానికి ఒక కంచర గాడిద. సెంచూరియన్ నడిపే ఈ దళమే సెంచరీ, ఆరు సెంచరీలు కలిస్తే 480 మందితో కోహోర్ట్ అనే పెద్ద దళం. కథకు ఆ ఎనిమిదిమందే చాలు, కొన్ని వేలమంది ఉండే లీజియన్ మొత్తాన్ని నడిపించాలని చూస్తే పాత్రలు మిగలవు.

రెండో తప్పు, అందరినీ ఇటలీ వాళ్లను చేయడం. క్రీ.శ. 122లో బ్రిటన్‌లో మొదలైన హేడ్రియన్ సరిహద్దు గోడను కట్టింది లీజియన్లు, కాపలా కాసింది ప్రధానంగా సహాయక దళాలు. వాళ్లు గాల్ (నేటి ఫ్రాన్స్ ప్రాంతం), సిరియా లాంటి ప్రాంతాల వాళ్లు, 25 ఏళ్ల కొలువు తర్వాతే పౌరసత్వం. అసలు నాటకం ఇక్కడే ఉంది. క్రీ.శ. 69లో రైన్ నది దగ్గర తిరగబడ్డ బటావియన్ తెగ నాయకుడు సివిలిస్ స్వయంగా రోమన్ సైన్యంలో పనిచేసినవాడే, రోమన్ల ఎత్తులన్నీ తెలిసినవాడు. అతను రోమన్ల వెటెరా శిబిరాన్ని ముట్టడిస్తే లోపలి సైనికులు గుర్రాలను, చివరికి గడ్డీ వేర్లూ తిని 70లో లొంగిపోయారు. ప్రాణాలకు హామీ ఇచ్చినా బయటికి రాగానే దారికాచి చంపేశారు. కల్పించినా ఇంత పదునైన ఘట్టం దొరకదు.

వస్తువుల్లో: రికాబులు (గుర్రంపై పాదాలు పెట్టుకునే కడియాలు) రాయొద్దు, అప్పటికి రోమన్లకు అవి లేవు, నాలుగు కొమ్ముల జీనే రౌతును పట్టి ఉంచేది. పీలం ఈటెను దగ్గరికి రానిచ్చి విసిరేవారు. అది డాలులో దిగిందంటే లాగడం కష్టం, ఆ బరువుకు శత్రువు డాలు పారేయాల్సిందే.