వార్డు బాత్రూమ్‌కి భయపడి నీళ్లు మానేశా, ఇప్పుడు మంట.. ఏం చేయాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అమ్మకి గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయ్యి ఐదు రోజులైంది, జనరల్ వార్డులో ఉన్నాం, తోడుగా నేనే ఉంటున్నా. వార్డు మొత్తానికి రెండే బాత్రూమ్‌లు. అక్కడ కూర్చుంటే యూరిన్ ఇన్ఫెక్షన్ వస్తుందని నీళ్లు తగ్గించేసి రాత్రి దాకా ఆపుకుంటున్నా. నిన్నటి నుంచి మంటగా ఉంది. శానిటైజర్ మాత్రం గంటకోసారి రాసుకుంటున్నా.
- ఒక పాఠకురాలు, ఒంగోలు

సలహా: చూడమ్మా, ముందు మీరు నీళ్లు తాగండి. మంట సీటు వల్ల వచ్చుండదు, నీళ్లు మానేసి ఆపుకోవడం వల్లే అయ్యుండొచ్చు. ఆడవాళ్లలో యూరిన్ ఇన్ఫెక్షన్ చాలావరకు ఈ.కోలై అనే బ్యాక్టీరియాతో వస్తుంది, అది మన పేగుల్లో ఉండేదే, అక్కడ్నుంచే మూత్రనాళంలోకి పాకుతుంది, మనం పోసినప్పుడల్లా కొంత కొట్టుకుపోతుంది, ఆపుకుంటే లోపలే పెరుగుతుంది. అందుకే కడుక్కునేటప్పుడు చెయ్యి ఎప్పుడూ ముందు నుంచి వెనక్కే పోవాలి. ఎలాగూ హాస్పిటల్లోనే ఉన్నారు కదా, ఓపీ చీటీ రాయించుకుని ఇవాళే యూరిన్ టెస్ట్ ఇవ్వండి, మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్ మాత్రం మింగొద్దు. చలిజ్వరం, నడుము పక్కన నొప్పి ఉంటే అస్సలు ఆగొద్దు.

ఇంక అసలు జాగ్రత్త పడాల్సింది చేతుల దగ్గర. గడియ, మగ్గు పిడి, కుళాయి, ఈ మూడూ అందరూ పట్టుకునేవే. బాత్రూమ్ నుంచి వచ్చాక శానిటైజర్ సరిపోదు, ఎందుకంటే యాంటీబయాటిక్స్ వాడే పేషెంట్లలో విరేచనాలు తెప్పించే క్లాస్ట్రిడియం డిఫిసిల్ అని ఒక క్రిమి ఉంది, దాని స్పోర్లు, అంటే గట్టి పొర కప్పుకుని నిద్రపోయే దాని గింజల్లాంటివి, శానిటైజర్‌లో ఉండే ఆల్కహాల్‌కి చావవు, సబ్బు, నీళ్లతో రుద్ది కడిగితేనే పోతాయి. 40 నుంచి 60 సెకన్లు, వేళ్ల సందులు, గోళ్ల కింద, బొటనవేలు చుట్టూ. వార్డులో సబ్బు ఉండదని తెలుసు, బ్యాగులో ఒక పేపర్ సోప్ పెట్టుకోండి. కడిగాక ఆ కుళాయిని మళ్లీ వట్టి చేత్తో కట్టకుండా కాగితం ముక్కతో కట్టండి, చీర కొంగుకి తుడుచుకోకండి, పొద్దున్నుంచి అది మంచాలకీ గోడలకీ తగిలే ఉంటుంది. అమ్మకి విరేచనాలు మొదలై రోజుకి మూడు సార్లు దాటితే సిస్టర్‌కి చెప్పండి, మీరే ఆపే బిళ్ల వెయ్యొద్దు.

ఒకటి గట్టిగా చెప్తా. హౌస్ సర్జన్సీ రోజుల నుంచీ ప్రతి వార్డులో చూస్తున్నా, భోజనం అవ్వగానే అందరూ టిఫిన్ బాక్సులు, చెంచాలు, ఆఖరికి పసిపిల్లల పాల సీసా కూడా బాత్రూమ్ సింక్‌లోనే కడుగుతారు. ఆ సింక్ గొట్టంలో మందులకి లొంగని సూడోమోనాస్, క్లెబ్సియెల్లా లాంటి బ్యాక్టీరియాలు కాపురం ఉంటాయి, నీళ్లు పడ్డప్పుడు పైకి చిందుతాయి. దయచేసి ఆ పని చెయ్యకండి, బాక్సులు ఇంటికి పంపి కడిగించండి, మంచినీళ్ల బాటిల్ కూడా అక్కడ నింపొద్దు, లోపలికి తీసుకెళ్లొద్దు. ఫోన్ కూడా బయటే.

అమ్మ సంగతి, ఆవిడ చేతికి కాన్యులా, అంటే సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టే సన్న గొట్టం, ఉంటే తడవనివ్వకండి. రాత్రి లేస్తే రెండు నిమిషాలు మంచం అంచున కూర్చోబెట్టి, తల తిరగట్లేదంటేనే నడిపించండి. నేల తడిగా ఉంటుంది, జారని చెప్పులు వెయ్యండి, లోపల గడియ పెట్టుకోనివ్వకుండా మీరు తలుపు దగ్గరే నిలబడండి.