మెదడు మలేరియా తగ్గాక పిల్లాడు మళ్లీ మామూలుగా అవుతాడా? మా అబ్బాయి విషయం చెబుతాను

మీ అక్కగారి అబ్బాయికి ఐదేళ్లని, మెదడు మలేరియాతో రెండు రోజులు కోమాలో ఉండి ఇంటికొచ్చాడని, ఇప్పుడు చెప్పినవన్నీ మరిచిపోతున్నాడని రాశారు. జబ్బు వల్లే అయి ఉండొచ్చు. మా పెద్దవాడికి ఇదే జరిగింది.

అప్పుడు మేం పాడేరు దగ్గర ఒక ఊళ్లో ఉండేవాళ్లం. వాడికి ఆరేళ్లు. జ్వరమొస్తే ఊళ్లో ఆర్‌ఎంపీ సిరప్ ఇచ్చాడు. రక్తపరీక్ష మాట ఆయన ఎత్తలేదు, మేమూ అడగలేదు. మూడో రోజు తెల్లవారుజామున కుడి చెయ్యి టపటపా కొట్టుకుంటోంది, కళ్లు తేలేశాడు, పిలిస్తే పలకలేదు. విశాఖ పెద్దాసుపత్రికి చేరేసరికి మధ్యాహ్నమైంది. డాక్టరమ్మ ముందు షుగర్ చూశారు, బాగా పడిపోయి ఉంది. వెంటనే గ్లూకోజ్ ఎక్కించి, మలేరియాకు ఇచ్చే ఆర్టిసునేట్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు.

మలేరియా పురుగు మెదడులోకి దూరిపోయిందా అని ఏడుస్తూ అడిగాను. అలా కాదట. ఫాల్సిపారం రకం క్రిమి పట్టిన ఎర్రకణాలు మెదడులోని సన్నటి రక్తనాళాల గోడలకు అంటుకుపోతాయి. క్రిమి మాత్రం నాళం దాటదు. అక్కడ రక్తం సరిగా ఆడదు, మెదడు వాస్తుంది. పుర్రె సాగదు కదా, ఆ వాపు వల్ల కింద ఊపిరిని నడిపించే భాగం నొక్కుకుపోతుంది. ఆఫ్రికాలోని మలావీలో ఇలాంటి పిల్లలకు ఎంఆర్‌ఐ తీశారు. 2015లో వచ్చిన ఆ అధ్యయనంలో చనిపోయిన 25 మందిలో 21 మందికి మెదడు బాగా వాచి ఉంది. మొదట వాచినా బతికిన పిల్లల్లో ఆ వాపు తగ్గుతూ వచ్చింది.

మావాడు ఆసుపత్రిలో చేరిన మూడో రోజు కళ్లు తెరిచి "నీళ్లు" అన్నాడు. గండం గడిచిందనుకున్నాం. బడికి వెళ్లాకే అసలు సంగతి తెలిసింది. గుణింతాలు గడగడా చదివేవాడు 'కా' దగ్గరే ఆగిపోయి నా మొహం చూసేవాడు. చొక్కా తొడుక్కోమంటే ఒక చెయ్యి దూర్చి, రెండోది మరిచిపోయి అలాగే నిలబడేవాడు. బద్ధకమనుకుని ఒకసారి కొట్టాను. ఆ బాధ నాకింకా పోలేదు.

ఉగాండాలో ఇలాంటి పిల్లల్ని రెండేళ్ల తర్వాత పరీక్షిస్తే, దాదాపు నలుగురిలో ఒకరికి జ్ఞాపకం, ధ్యాస, నేర్చుకోవడంలో ఏదో ఒక లోటు కనిపించింది. కొందరికి నెలల తర్వాత ఫిట్స్ మొదలవుతాయి. మావాడికి ఏడాది తర్వాత ఒకసారి వచ్చాయి, మందులు వాడాం.

అందుకని పిల్లాణ్ణి ఒకసారి న్యూరాలజిస్టుకు చూపించండి, చూపు, వినికిడి కూడా పరీక్ష చేయించండి. బడిలో టీచరుకు జరిగింది చెప్పమనండి. మేం రోజూ ఒకే వేళకు, పావుగంట చొప్పున, ఒక్కో విషయమే చెప్పేవాళ్లం. ఇప్పుడు తొమ్మిదో తరగతి. లెక్కలు నెమ్మదే, మిగతావి బాగా చదువుతాడు.

మళ్లీ జ్వరమొస్తే మాత్రం ఒక్క పూట కూడా ఆగొద్దు. మీది మలేరియా ఉన్న ప్రాంతమైతే ఆశా కార్యకర్త దగ్గర కిట్ ఉంటుంది. వేలి మీద చుక్క రక్తంతో అరగంటలోపే తెలిసిపోతుంది.