గాజు డికాంటర్ బిరడా బిగుసుకుపోయింది, ఎలా తీయాలి?

ప్రశ్న: పిన్నిగారూ నమస్తే. మాది విశాఖపట్నం, పెదవాల్తేరు. మా మావయ్యగారు పోర్టులో చేసేటప్పుడు ఎవరో ఓడ ఆఫీసరు ఇచ్చిన గాజు డికాంటర్ ఒకటి మా ఇంట్లో ఉంది, మంచి బరువు, చుట్టూ కటింగ్ డిజైను, పైన గాజు బిరడా. పోయిన ఎండాకాలం మా అత్తగారు అందులో ద్రాక్ష షర్బత్ పోశారు, అడుగున కాస్త మిగిలితే అలాగే బీరువాలో పెట్టేశాం, ఇప్పుడు బిరడా ఎంత లాగినా కదలట్లేదు. మావారు కటింగ్ ప్లేయర్ పెడతానంటున్నారు, అత్తగారేమో మరిగే నీళ్ళు పొయ్యమంటున్నారు, పక్కింటావిడ ఫ్రీజర్లో పెట్టి చూడమంది. మావయ్యగారు ఇప్పుడు లేరు, అది పగిలితే అత్తగారు తట్టుకోలేరు. ఏం చెయ్యమంటారు?

జవాబు: ముందు ఆ ప్లేయర్ ఎక్కడైనా దాచెయ్యమ్మా. మిగతా రెండు సలహాలు కూడా వద్దే వద్దు. నువ్వు చెప్పిన బరువు, కటింగ్ చూస్తే అది సీసం కలిపిన క్రిస్టల్ గాజు అయ్యుండొచ్చు, గోటితో మెల్లగా మీటితే ఖంగుమని కాసేపు మోగుతుంది చూడు. ఆ గాజు ఒకచోట మందం ఒకచోట పల్చన, మరిగే నీళ్ళు పడితే ఒకపక్క సాగి ఒకపక్క సాగక టప్పున చీలిపోతుంది. ఇక ఫ్రీజర్లో పెడితే ముందు చల్లబడేది బయటున్న మెడ, అది ముడుచుకుని లోపలి బిరడాని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది, అంటే మనక్కావలసినదానికి సరిగ్గా రివర్సు.

ఇంత భయం ఎందుకు పెడుతున్నానంటే, ఇలాంటి బిరడాని ఆ మెడలోనే పెట్టి రాపిడి చేసి రెండూ అతికినట్టు కూర్చోబెడతారు, అందుకే బిరడా కింది భాగం, మెడ లోపల గరుగ్గా తెల్లగా ఉంటాయి. పాతకాలం వాటిలో కొన్నిటికి బిరడా అడుగున, మెడ అంచున ఒకే నంబరు చిన్నగా గీసి ఉంటుంది, జత మారిపోకుండా. ఒకటి విరిగిందంటే పూర్ణా మార్కెట్ అంతా తిరిగినా దానికి సరిపడే బిరడా దొరకదు.

ఇప్పుడు అసలు సంగతి. ఏం పట్టుకుని బిగిసిందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. మీ ఇంట్లో అది షర్బత్ పంచదార, ఇందులో అనుమానమే లేదు. ఆ గరుకు సందులోకి పాకం దిగి ఎండి గట్టిపడింది. పంచదార నీళ్ళకి కరుగుతుంది కాబట్టి ముందు నీళ్ళే. చాలామంది మొదటే కొబ్బరినూనె వేసేస్తారు, అలా చేస్తే ఆ సందంతా నూనె పట్టేసి తర్వాత నీళ్ళు లోపలికి పోవు, కరగాల్సిన పంచదార అక్కడే ఉండిపోతుంది. టబ్బులో మెత్తటి తువ్వాలు పరిచి, గోరువెచ్చని నీళ్ళు పోసి, డికాంటర్‌ని తలకిందులుగా మెడ మునిగేట్టు ఆనించి పెట్టు, దొర్లకుండా పక్కన ఇంకో తువ్వాలు దన్ను పెట్టు, నీళ్ళు చల్లారితే మారుస్తూ ఉండు. సాయంత్రం పెట్టి పొద్దున్న చూసినా నష్టం లేదు. అప్పటికీ రాకపోతే తుడిచి, మెడకీ బిరడాకీ మధ్య గీతలా కనిపిస్తుందే అక్కడ చుట్టూ గ్లిజరిన్ చుక్కలు వెయ్యి, మెడికల్ షాపులో దొరుకుతుంది, అది నీళ్ళతో కలుస్తుంది కాబట్టి తడి ఉన్నా లోపలికి జారుతుంది.

తర్వాత డికాంటర్‌ని ఒళ్ళో మడత పెట్టిన దుప్పటి మీద పెట్టుకుని, చెక్క గరిట కాడతో బిరడా తల కింద ఒకపక్క మెల్లగా, మళ్ళీ దానికి ఎదురుపక్క మెల్లగా, కిందనుంచి పైకి తడుతూ ఉండాలి. ఒకేవైపు తడితే విరుగుతుంది. కొడుతున్నట్టు కాదు, తలుపు తట్టేంత కూడా కాదు, అంతకన్నా మెల్లగా. వదులైతే కాస్త లొడలొడలాడుతున్న చప్పుడు వస్తుంది, అప్పుడు కొద్దిగా తిప్పుతూ నిటారుగా పైకి లాగు, పక్కకి వంచకు.

దానికీ రాలేదనుకో, అప్పుడు వేడి. కానీ మెడకి మాత్రమే. చెయ్యి పట్టగలిగే వేడి నీళ్ళలో గుడ్డ ముంచి పిండి మెడ చుట్టూ చుట్టి, ఒక నిమిషం ఆగి వెంటనే లాగాలి, ఆలస్యం చేస్తే వేడి బిరడాకీ చేరి అదీ ఉబ్బుతుంది, ఇక లాభం లేదు. మొత్తం డికాంటర్‌ని వేడి నీళ్ళలో ముంచితే ఎందుకు రాదో ఇప్పుడు అర్థమైంది కదా. లెక్కేస్తే మూడు సెంటీమీటర్ల మెడ 30 డిగ్రీలు వేడెక్కినా సాగేది 0.008 మిల్లీమీటర్లే, అంటే వెంట్రుక మందంలో దాదాపు పదో వంతు, అయినా అంత బిగువుగా కూర్చున్న బిరడాకి అది చాలు. గుడ్డ కన్నా నాకు నచ్చేది పురికొస పద్ధతి. మెడకి పురికొస ఒక చుట్టు చుట్టి, ఒకరు డికాంటర్ గట్టిగా పట్టుకుంటే ఇంకొకరు కవ్వం తాడు లాగినట్టు రెండు కొసలూ అటూ ఇటూ లాగాలి, ఆ రాపిడికి మెడ ఒక్కటే మెల్లమెల్లగా వేడెక్కుతుంది, బిరడా చల్లగానే ఉంటుంది, గాజుకి షాక్ తగలదు. ఈ పని మీవారికి ఇవ్వు, ప్లేయర్ బదులు.

వచ్చాక లోపల గోరువెచ్చని నీళ్ళు, కొంచెం సబ్బు, గుప్పెడు బియ్యం వేసి ఊపి కడుగు, ఇసక మాత్రం వెయ్యకు గీతలు పడతాయి. పూర్తిగా ఆరాకే దాచు. మనది సముద్రం పక్క ఊరు, గాలిలో ఎప్పుడూ తేమే, తడి లోపల ఉండగా మూసి ఏళ్ళ తరబడి ఉంచితే గాజు లోపలివైపు తెల్లగా మసకబారిపోతుంది, అది కడిగితే పోదు. బిరడా విడిగా ఉంచు, లేదా మధ్యలో సన్నటి కాగితం ముక్క పెట్టి మూయి. వేడి నీళ్ళతో కడిగిన వెంటనే కూడా మూయకూడదు, మెడ చల్లారుతూ ముడుచుకుని బిరడాని పట్టేస్తుంది.

నువ్వు అడక్కపోయినా ఇది చెప్పాలి. క్రిస్టల్ అయితే అందులో షర్బత్, నిమ్మరసం లాంటివి నిలవ పెట్టొద్దు, పులుపుకి గాజులోని సీసం రసంలోకి దిగుతుంది. చుట్టాలొచ్చినప్పుడు పోసి, ఆ పూటే ఖాళీ చేసి కడిగెయ్యండి. పిల్లలకి అందులోంచి అసలు పొయ్యకండి. ఆ అడుగున మిగిలింది కూడా రుచి చూడకుండా పారబోసెయ్యి.

ప్రశ్న: మాది పాత పోస్టాఫీసు దగ్గర. మా నాన్నగారి అత్తరు సీసా గాజు మూత ఇలాగే పట్టేసింది, నీళ్ళలో నానబెట్టొచ్చా?

జవాబు: వద్దు బాబూ. అత్తరు నూనె జాతి, ఎండి జిగురైపోయింది, నీళ్ళకి కరగదు. దూదికి సర్జికల్ స్పిరిట్ అద్ది మూత అంచు చుట్టూ చుక్క చుక్కగా పిండు, కాసేపాగి మళ్ళీ పిండు. పొయ్యి దగ్గర, అగరొత్తుల దగ్గర ఈ పని పెట్టుకోకు, స్పిరిట్ ఇట్టే అంటుకుంటుంది. సీసా మీద బంగారు రంగు పువ్వులు గానీ కాగితం లేబుల్ గానీ ఉంటే స్పిరిట్ వాటికి తగలకుండా చూసుకో, ముందు అవే పోతాయి.