జామాయిల్ తోటకి ఏడాది వాన లెక్కొక్కటే సరిపోతుందా? పాఠకుల ప్రశ్నలకి జవాబులు

ప్రశ్న: సార్, మాది సత్తుపల్లి దగ్గర. 5 ఎకరాల ఎర్రనేలలో క్లోన్ (ఒకే మంచి చెట్టు కొమ్మల నుంచి పెంచిన మొక్కలు) జామాయిల్ వేశాం. మొదటి కోత 4 ఏళ్లకి కొడితే ఎకరానికి 38 టన్నుల దాకా వచ్చింది, రెండో కోత కూడా 4 ఏళ్లకే కొట్టాం కానీ 27 దాటలేదు. మధ్యలో వానలు తక్కువేం పడలేదు. మరి ఎందుకు తగ్గింది?
– ఓ రైతు, ఖమ్మం జిల్లా

జవాబు: రెండో కోత కూడా అదే మోడు నుంచి వచ్చిన పిలకే కాబట్టి మొక్క రకం మీద అనుమానం పెట్టుకోకండి. వేరు ముందే ఉంది కాబట్టి పిలక నిజానికి మొదటి ఏడాది కొత్త మొక్క కంటే జోరుగా లేవాలి. ముందు తోటంతా తిరిగి ఎన్ని మోళ్లు చచ్చిపోయాయో చూడండి, నడి ఎండల్లో కొట్టి ఉంటే చాలా మోళ్లు చిగురు వెయ్యకుండానే ఎండిపోతాయి, టన్నులు తగ్గడానికి అదొక్కటే చాలు. మోళ్లన్నీ బతికే ఉంటే మాత్రం చూడాల్సింది భూమి లోపలి నీళ్లు.

కర్ణాటకలో బెంగళూరు పక్కన హొసకోటె దగ్గర 1990ల్లో ఇంగ్లండ్ హైడ్రాలజీ (నీటి శాస్త్రం) సంస్థ వాళ్లూ అక్కడి అటవీశాఖ వాళ్లూ కలిసి జామాయిల్ ఎంత నీళ్లు తాగుతుందో కొలిచారు. లోతైన నేలలో ఆ చెట్లు పడిన వాన కంటే ఎక్కువ నీళ్లు వాడాయని తేలింది, అదెలాగంటే వేర్లు 8 మీటర్ల లోతు దాకా దిగి ఎన్నో ఏళ్లుగా నేలలో నిల్వ ఉన్న తేమని లాగేశాయి. నేల లోతు తక్కువున్న చోట మాత్రం వాడకం ఇంచుమించు పడిన వానంతే ఉంది. అంటే మొదటి కోతకి వచ్చే కర్రలో కొంత భాగం ఆ ఏళ్ల వానది కాదు, పాత డిపాజిట్ది. ఆ డిపాజిట్ అయిపోయాక రెండో కోత, మూడో కోత ఏ ఏటికా ఏడు పడే వాన మీదే బతకాలి. మీకు జరిగింది ఇదే అయ్యుంటుందని నా అభిప్రాయం, మొదటి కోత టన్నులు చూసి రెండో కోత మీద అప్పు చేసే రైతులకి నేను ఎప్పుడూ చెప్పేది కూడా ఇదే, దయచేసి అలా చెయ్యకండి.

ఇక వానలు బాగానే పడ్డాయి అన్నారు. మొత్తం మిల్లీమీటర్లు కాదండీ, ఎన్ని రోజుల్లో పడిందన్నది చూడాలి. మన దగ్గర వాన ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే పడిపోతుంది, మిగతా 8 నెలలు చెట్టు నేలలో ఉన్న తేమతోనే నెట్టుకురావాలి, ఒక్క రోజులో 10 సెంటీమీటర్లు కొట్టి వాగులో కలిసిపోయిన వాన రికార్డులో కనిపిస్తుంది గానీ మీ చెట్టుకి అందదు.

దానికి తోడు ఎండ. చాలామంది జామాయిల్ ఎండకి తట్టుకుంటుంది కదా అంటారు, తట్టుకుంటుంది, చావదు, కానీ పెరగదు కూడా. 30 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉన్న రోజుతో పోలిస్తే 42 డిగ్రీలు, 20 శాతం తేమ ఉన్న రోజున గాలి ఆకులోంచి నీళ్లు లాగే బలం దాదాపు 5 రెట్లు ఎక్కువ. అప్పుడు చెట్టు తనని తాను కాపాడుకోడానికి ఆకుల మీదున్న సన్నటి రంధ్రాలు మూసేస్తుంది, మూసేస్తే కార్బన్ డయాక్సైడ్ లోపలికి పోదు, అది పోకపోతే కర్ర తయారవ్వదు. రాత్రి వేడి తగ్గకపోతే పగలు సంపాదించిందే శ్వాసకి ఖర్చయిపోతుంది. కొత్తగూడెం వైపు ఏప్రిల్, మే ఎండలు మీకు నేను చెప్పక్కర్లేదు.

బ్రెజిల్‌లో 8 చోట్ల క్లోన్ తోటల మీద ఒక పెద్ద ప్రయోగం చేశారు, ఫలితాలు 2010లో వచ్చాయి. మామూలుగా కంపెనీలు వేసే ఎరువుతో హెక్టారుకి ఏడాదికి సుమారు 46 ఘనపు మీటర్ల కర్ర వచ్చింది, ఎరువు ఇంకా పెంచితే ఏమీ పెరగలేదు, నీళ్లు పెడితే మాత్రం 62కి పోయింది. ఎరువు అసలు వెయ్యకపోతే 33 దగ్గరే ఆగిందనుకోండి, కాబట్టి ఎరువు మానెయ్యమని కాదు, అవసరమైనంత వేశాక మిగతాది నీళ్ల చేతిలోనే ఉందని. అందుకే మీరు ఈసారి డబ్బులు ఎరువు మీద కుమ్మరించకుండా వాలుకి అడ్డంగా కందకాలు తియ్యండి, ఆకూ బెరడూ కాల్చకుండా తోటలోనే వదలండి, మోడుకి ఒకటో రెండో బలమైన పిలకలు ఉంచి మిగతావి తీసెయ్యండి. ఇంకో ఏడాది ఆగి కొట్టగలిగితే ఆగండి.

ప్రశ్న: అనంతపురం జిల్లాలో 8 ఎకరాలు బీడు ఉంది. మొక్కలు అమ్మే ఏజెంటు భద్రాచలం వైపు వచ్చేంత దిగుబడి ఇక్కడా వస్తుందంటున్నాడు. వెయ్యమంటారా?
– ఒక పాఠకురాలు

జవాబు: రాదమ్మా, ఆ మాట నమ్మొద్దు. అటు ఏడాదికి 1000 మిల్లీమీటర్ల పైన వాన, మీకు 550 అటూ ఇటూ. మంచి క్లోన్ మంచి చోట ఉంటే హెక్టారుకి ఏడాదికి 20-25 ఘనపు మీటర్లు ఇస్తుంది, విత్తనం మొక్కలైతే 6 నుంచి 10, అయితే ఈ లెక్క వాన పడే చోటిది. క్లోన్ అన్నంత మాత్రాన లేని నీళ్లు పుట్టించలేదు. పైగా వాన తక్కువున్న చోట దగ్గరదగ్గరగా నాటితే చెట్లు ఒకదాని నీళ్లు ఒకటి లాక్కుని అన్నీ సన్నంగానే ఉండిపోతాయి. పక్కనే కర్ణాటకలో భూగర్భ జలాల భయంతోనే 2017లో కొత్తగా జామాయిల్ నాటడాన్ని నిషేధించారు. మీ చుట్టుపక్కల బోర్ల మీద బతికే రైతులుంటే వాళ్ల సంగతి కూడా ఆలోచించాలి కదా. మీ నేలకి చింత, సీతాఫలం లాంటివి నయం అని నా సలహా.

ప్రశ్న: కూలీలు దొరక్క మా తోటలో మొక్కలు రెండు నెలల పాటు విడతలుగా నాటాం. దానివల్ల నష్టమా?
– ఓ యువరైతు, పశ్చిమ గోదావరి

జవాబు: నష్టమే. పైన చెప్పిన బ్రెజిల్ ప్రయోగంలోనే ఇది కూడా చూశారు, ఒకే రోజు నాటిన మొక్కలు, 80 రోజుల దాకా విడతలుగా నాటిన వాటికంటే 13 శాతం ఎక్కువ పెరిగాయి. ముందు లేచినవి వెనకవాటి ఎండనీ తేమనీ తినేస్తాయి, వెనకపడ్డవి మళ్లీ అందుకోలేవు. ఈ తోటకి ఇప్పుడు చేసేది పెద్దగా లేదు, కలుపు మాత్రం పెరగనివ్వకండి. వచ్చేసారి కూలీలు తక్కువుంటే ఎకరాలు తగ్గించుకోండి గానీ, నేల బాగా తడిసిన వారంలోనే నాట్లు మొత్తం పూర్తి చేసెయ్యండి.