సిబిల్‌లో ‘సెటిల్డ్’ అని ఉంటే ఏం చేయాలి?

క్రెడిట్ కార్డు బాకీ 60 వేలకు 35 వేలు కట్టి సెటిల్ చేసుకున్నా హోమ్ లోన్ రాలేదని ఒకరు అడిగారు. వారికి జవాబు ఇది. కార్డు బాకీ కట్టేసినా మీకు హోమ్ లోన్ రాకపోవడానికి కారణం చాలావరకు సిబిల్ రిపోర్టులోని (మీ అప్పుల చరిత్ర చూపే రిపోర్టు) ‘సెటిల్డ్’ అన్న మాటే. మీరు 35 వేలే కట్టారు కదా, మిగతా 25 వేలు ఎగ్గొట్టినట్టే బ్యాంకులు చూస్తాయి. పూర్తిగా కడితేనే ‘క్లోజ్డ్’.

1. మిగతాది ఎంతో బ్యాంకునే మెయిల్‌లో అడగండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: డబ్బు కట్టకముందే ‘స్టేటస్ క్లోజ్డ్‌గా మారుస్తాం’ అని బ్యాంకు లెటర్‌హెడ్ మీద రాయించుకోండి. రికవరీ ఏజెంట్ ఫోన్లో ఇచ్చిన మాట నమ్ముకోవద్దు. డబ్బు కూడా నేరుగా కార్డు ఖాతాకే కట్టండి, అతని చేతికి ఇవ్వకండి.

3. కట్టాక నో డ్యూస్ సర్టిఫికెట్ (ఇక బాకీ లేదని బ్యాంకు ఇచ్చే పత్రం) తీసుకోండి.

4. అయినా మారకపోతే సిబిల్ సైట్లో డిస్ప్యూట్ (రిపోర్టులో తప్పుందన్న ఫిర్యాదు) వేయండి. 30 రోజుల్లో తేల్చకపోతే ఆర్‌బీఐ నిబంధన ప్రకారం ఆపై రోజుకు 100 రూపాయలు మీకు రావాలి.

‘రిటన్ ఆఫ్’ అని కనిపిస్తే మాఫీ అనుకోకండి, బాకీ అలాగే ఉంటుంది.