కొరియా వాగుల్లో ఫ్లై గాలం: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: తొమ్మిది అడుగుల ఐదో నంబరు రాడ్ సెట్టు కొన్నాను. ట్రౌట్ పట్టాలని ఆశ. ఏ వాగుతో మొదలుపెట్టాలి?
– సువాన్ నుంచి ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి

జవాబు: ట్రౌట్ ఎక్కడికీ పోదు, ముందు పిరామి అనే చిన్న చేపతో మొదలుపెట్టండి. మన పిత్తపరిగె కంటే కాస్త పెద్దది, జానెడు కూడా ఉండదు. కానీ దాదాపు ప్రతి నదిలోనూ ఉంటుంది, పగలంతా పైకొచ్చి పురుగులు తింటుంది, గంటలో ఇరవై సార్లు మీ తప్పు మీకు చూపిస్తుంది. జూన్, జులైలో మగ పిరామి చిక్కితే వదిలేముందు ఒకసారి చూడండి. ఒంటి మీద నీలిపచ్చ పట్టీలు, వాటి మధ్య ఎర్ర గులాబీ ఛాయ, నల్లబడ్డ ముఖం మీద ఆవగింజల్లా గట్టి బొడిపెలు. ఈ పెళ్లికొడుకు వేషంలో ఉన్నదాన్ని కొరియావాళ్లు బుల్గొజి అని వేరే పేరుతో పిలుస్తారు.

ఫ్లై అంటే గాలపు ముల్లుకు ఈకలు, దారం చుట్టి చేసే ఉత్తుత్తి పురుగు. పిరామికి నీటి మీద తేలే డ్రై ఫ్లైలు, 16, 18 నంబరువి చాలు (నంబరు పెరిగేకొద్దీ ఫ్లై చిన్నది). ఐదో నంబరు రాడ్ దానికి బరువే, మూడో నంబరుది అయితే లాగుడు చేతికి బాగా తెలుస్తుంది. అలాగని ఇప్పుడే ఇంకోటి కొనొద్దు. మీ రాడ్‌కు సరైన జోడీ క్కురి అనే చేప ఉంది. మే, జూన్‌లో గుడ్లు పెట్టడానికి గులకరాళ్ల పలచటి ప్రవాహాల్లోకి గుంపులుగా వస్తుంది. అంగుళం నుంచి ఒకటిన్నర అంగుళాల తెల్ల స్ట్రీమర్‌ను (చిన్న చేపలా కనిపించే, మునిగే ఫ్లై) ప్రవాహానికి అడ్డంగా వేసి, జానెడు జానెడు చొప్పున ఆగి ఆగి లాగండి. క్కురి తరుముకొచ్చి కొడుతుంది. నోరు మూస్తే రెండు దవడలూ వంకీలతో ఒకదానిలో ఒకటి ఇమిడిపోతాయి, అందుకే సన్న టిప్పెట్ (ఫ్లైకి కట్టే చివరి దారం) వద్దు, 3ఎక్స్ కట్టండి (ఎక్స్ ముందు అంకె పెరిగేకొద్దీ దారం సన్నం). గాంగ్వన్ ప్రాంతంలోని హోంగ్‌చొన్ నది వెడల్పుగా, లోతు తక్కువగా ఉంటుంది కాబట్టి వెనక చెట్లకు చిక్కుకోకుండా క్యాస్టింగ్ నేర్చుకోవచ్చు.

ఇక ట్రౌటే కావాలంటే ప్యొంగ్‌చాంగ్ జిల్లా మితాన్ దగ్గర కిహ్వాచొన్ వాగు ఉంది. ఊటనీటి వల్ల చల్లగా ఉంటుంది, పక్కనే ట్రౌట్ పెంపకం చెరువులు, వాటి నుంచి తప్పించుకున్న రెయిన్‌బో ట్రౌట్‌లు వాగులో తిరుగుతుంటాయి. ఆ చేప కొరియా సొంతం కాదు, 1965లో అమెరికా నుంచి గుడ్ల రూపంలో తెచ్చారు.

ప్రశ్న: చేప పైకొస్తుంది, ఫ్లైని చూస్తుంది, మూతి దాకా వచ్చి తిరిగి వెళ్లిపోతుంది. నాలుగు రకాల ఫ్లైలు మార్చాను. లోపం ఎక్కడ?
– సియోల్

జవాబు: చాలావరకు ఫ్లైలో కాదు, మీ లైన్‌లో. మీకూ చేపకూ మధ్య ఉన్న వడి నీరు లైన్‌ను లాగుతుంది, లైన్ ఫ్లైని ఈడుస్తుంది. దీన్నే డ్రాగ్ అంటారు. పక్కనే తేలుతున్న ఎండుటాకుతో పోల్చి చూడండి. ఆకు కంటే ఫ్లై ముందుకు పోతున్నా, వెనకబడినా, దాని వెనక సన్నటి ‘వి’ ఆకారపు గీత కనిపించినా డ్రాగ్ ఉన్నట్టే. నిజం పురుగుకు ఆ గీత ఉండదని చేపకు తెలుసు.

మొదటి మందు దూరం తగ్గించడం. కొరియా కొండవాగులు ఇరుకు, నీళ్లు అద్దంలా ఉంటాయి. పదిహేను మీటర్లు విసిరే పని లేదు. చేపకు దిగువన, కాస్త పక్కగా, వంగి నడుచుకుంటూ అయిదారు మీటర్ల దాకా చేరండి. చేప ఎగువకు మొహం పెట్టి ఉంటుంది కాబట్టి వెనక నుంచి వెళ్తే త్వరగా కనిపెట్టదు. ఏటవాలుగా ఎగువకు వేసి, రాడ్ కొన పైకెత్తి, మధ్యనున్న వడి నీటికి లైన్ తగలకుండా పట్టుకోండి. ఫ్లై మీ వైపు వస్తున్న కొద్దీ ఎడమ చేత్తో మిగులు లైన్ లాక్కోండి, లేకపోతే చేప అందుకున్నప్పుడు వదులు లైన్‌ను లాగి ప్రయోజనం ఉండదు.

రెండోది టిప్పెట్. లైన్ చివర కట్టే తొమ్మిది అడుగుల 5ఎక్స్ లీడర్ దారానికి చివర 60 సెంటీమీటర్ల 6ఎక్స్ కలపండి. పొడవాటి సన్న టిప్పెట్ నీటి మీద అక్కడక్కడా వంకర్లుగా పడుతుంది. ఆ వంకర్లు విచ్చుకునే లోపు, అంటే రెండు మూడు సెకన్లు, ఫ్లై స్వేచ్ఛగా తేలుతుంది. చేపకు ఆ పాటి సమయం చాలు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా తిరిగి వెళ్తుంటే అప్పుడు ఫ్లై మార్చండి. రంగు కాదు, ముందు సైజు. 14 నుంచి 18కి దిగండి. ఒక చేపను పట్టాక ఫ్లైకి జిగురు అంటుకుంటుంది, మళ్లీ తేలదు. నీళ్లలో కడిగి, చొక్కా అంచుకు ఒత్తి ఆరబెట్టి, తేలే మందు మళ్లీ రాయాలి. కడగకుండా మందు రాసేవాళ్లే ఎక్కువ.

ప్రశ్న: టిప్పెట్ తరచూ మధ్యలో తెగుతోంది. చేప కూడా పెద్దదేం కాదు.

జవాబు: తెగిన చోటికి దగ్గర్లో వేళ్లతో తడుముకుంటూ వెళ్లండి, చిన్న ముడి తగులుతుంది. గాలి ముడి అంటారు గానీ గాలి తప్పు కాదు, ముందుకు విసిరేటప్పుడు ఒక్కసారిగా బలం పెట్టడం వల్ల లైన్ తన మీద తానే దాటి పడే ముడి. దాంతో దారం బలం దాదాపు సగానికి పడిపోతుంది. విప్పే ప్రయత్నం చేయకండి, కత్తిరించి కొత్తది కట్టండి. ముడి బిగించే ముందు ఉమ్మితో తడపండి. పొడి ముడి రాపిడి వేడికే బలహీనపడుతుంది.

ప్రశ్న: కొరియాలో పట్టకూడని చేపలు ఉన్నాయట. ఎలా గుర్తుపట్టాలి? లైసెన్సు కావాలా?
– ఇంచొన్

జవాబు: మామూలు గాలానికి లైసెన్సు లేదు. కానీ తాగునీటి రక్షణ ప్రాంతాలూ జాతీయ పార్కులూ తప్పించాలి, విసురువల వేయకూడదు, బోర్డు ఉందేమో ప్రతి వంతెన దగ్గరా చూసుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యం యొల్‌మొగొ అనే చేప. అంతరించే ప్రమాదంలో ఉన్న రెండో తరగతి జీవి, పట్టినవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, లేదా మూడు కోట్ల వోన్ల దాకా జరిమానా. పేరుకు అర్థం ‘వేడి కళ్ల చేప’, ఆ కళ్లు చల్లార్చుకోవడానికే చల్లటి ఎగువ నీళ్లు వెతుక్కుంటుందని నానుడి. జొంగ్సొన్‌లోని జొంగామ్సా గుడి దగ్గరా, పొంగ్‌హ్వాలోనూ దాని నివాసాలను ప్రకృతి స్మారకాలుగా ప్రకటించారు. పసుపు కలిసిన గోధుమ ఒంటి మీద ముదురు చుక్కలు చెల్లాచెదురుగా ఉంటాయి, ట్రౌట్ కంటే నోరు చిన్నది. సాన్‌చొనొ అనే ఇంకో చేపకు పక్కల వెంట బూడిద నీలం కోడిగుడ్డు ఆకారపు మచ్చలు వరసగా ఉంటాయి, రెయిన్‌బోకు గులాబీ పట్టీ. చిక్కేమిటంటే యొల్‌మొగొ పిల్లకు కూడా ముదురు మచ్చల వరస ఉంటుంది. సందేహం వస్తే అది యొల్‌మొగొ అనే అనుకోండి. నీళ్లలోంచి ఎత్తకుండా, తడి చేత్తో, ఫోర్సెప్స్‌తో ముల్లు తీసి వదలండి, ఫోటో వద్దు. అందుకే కొండవాగుకు వెళ్తే గాలపు ముల్లు మొన వెనక ఉండే ఎదురు కొనను ముందే పటకారుతో నొక్కేయాలి.

సొగారి అనే చేపకు ప్రాంతాన్ని బట్టి ఏప్రిల్ చివరి నుంచి జూన్ దాకా వేట నిషేధం ఉంటుంది, 18 సెంటీమీటర్ల లోపుది ఎప్పుడూ ఉంచుకోకూడదు.

ప్రశ్న: మావాడు కొరియాలో ఉంటాడు, ఫ్లైలు తనే కట్టుకుంటాడు. మా నాటు పుంజుల ఈకలు పనికొస్తాయా? నెమలి ఈకలు కూడా పంపమంటున్నాడు.
– గుంటూరు జిల్లా నుంచి ఒక తల్లి

జవాబు: పుంజు ఈకలు భేషుగ్గా పనికొస్తాయమ్మా. భారతీయ పుంజుల మెడ ఈకలు ఫ్లై కట్టే లోకంలో పాత సరుకే. ఏడాది దాటిన పుంజు మెడ మీది ఈకలే తీయండి, బాయిలర్ కోడివి మెత్తగా ఉండి నీళ్లు పీల్చుకుంటాయి. ఈకను మధ్యకు వంచితే దాని పోగులు ముళ్లలా నిటారుగా నిలవాలి. వాలిపోతే డ్రై ఫ్లైకి పనికిరాదు. పోగు పొడవు ముల్లు వెడల్పుకు ఒకటిన్నర రెట్లు ఉంటే సరి. డేగ రంగు ఈకలూ, నలుపు తెలుపు అడ్డచారల ఈకలూ కలిపి చుడితే ఆడమ్స్ అనే ఫ్లై కుదురుతుంది, మీవాడికి ఆ రెండు రంగులే పంపండి. సబ్బు నీళ్లతో కడిగి, నీడన ఆరబెట్టాలి. పచ్చి ఈకలు కొరియా క్వారంటైన్‌లో చెప్పి తీరాల్సిన వస్తువు, కాబట్టి పంపేముందు మీవాడు అక్కడి నిబంధన కనుక్కోవాలి. నెమలి ఈకలు మాత్రం వద్దు. రాలినవైనా సరే, మన దేశం దాటించడం నేరం.

ప్రశ్న: నాక్‌తోంగ్ నది ఒడ్డున స్నేహితులు చిన్న చేపల్ని పచ్చిగా కోసి కారం ముద్దతో ఇస్తారు. తినొచ్చా?

జవాబు: వద్దు. నాక్‌తోంగ్, సొమ్‌జిన్, కుమ్ నదుల చేపల్లో కాలేయంలో చేరే పరాన్నజీవి ఉంటుంది. కారం ముద్ద, వెనిగర్, సోజు (కొరియా సారా) దాన్ని చంపవు. చేప కోసిన కత్తి, పీట కూడా వేడినీళ్లతో కడగాలి. మెఉన్‌తాంగ్‌లా పులుసు పెట్టి బాగా ఉడికించి తినండి. ఇప్పటికే తినేసి ఉంటే ఆస్పత్రిలో మల పరీక్ష చేయించుకోండి, మాత్రలతో తగ్గుతుంది.

ప్రశ్న: జులైలో సెలవు దొరికింది. వెళ్లొచ్చా?

జవాబు: జూన్ చివరి నుంచి జులై చివరి దాకా అక్కడి వానాకాలం, జాంగ్మా. వాన ఆగిన రోజే వాగు ఆగదు. నీళ్లు టీ రంగులోకి తిరిగినా, ఎండుటాకులు, పుల్లలు గుంపుగా తేలి వచ్చినా, అక్కడే ఒడ్డెక్కండి, పై కొండల్లో వరద మొదలైందన్న మాట. ఆనకట్ట దిగువన సైరన్ మోగితే రాడ్ మడిచే పని కూడా పెట్టుకోవద్దు. వేడర్లు (నీళ్లలో దిగేందుకు వేసుకునే నీరు చొరని ప్యాంట్లు) వేసుకుంటే నడుముకు బెల్టు బిగించాలి, జారిపడితే లోపలికి నీళ్లు చేరడం తగ్గుతుంది. పాచి రాళ్ల మీద రబ్బరు అడుగు బూట్ల కంటే ఫెల్ట్ (నొక్కి చేసిన మందపాటి బట్ట) అడుగు బూట్లకు పట్టు ఎక్కువ. థర్మామీటర్ నీళ్లలో పెట్టి చూడండి, 20 డిగ్రీలు దాటితే ట్రౌట్ జోలికి పోవద్దు, పట్టి వదిలినా బతకడం కష్టం. పిరామికి మాత్రం ఆ ఇబ్బంది లేదు.

ఇంకొకటి. నది మధ్యలో నడుము లోతు నీళ్లలో, చేతిలో విసనకర్ర లాంటి చిన్న చట్రం పట్టుకుని ఒకాయన నిలబడి ఉండొచ్చు. ఆయన చేస్తున్నది క్యొంజి, పాత కొరియా గాలం. ఆయన దారం దిగువకు చాలా దూరం పోయి ఉంటుంది. ఆయన వెనకగా, ఎగువ వైపు నుంచి తిరిగి దాటండి.