బెజవాడలో 20 ఏళ్లుగా ఫైర్‌మన్‌గా చేస్తున్నవాళ్లు ఏ క్యాన్సర్ పరీక్షలు చేయించుకోవాలి?

ఫైర్‌మన్ పని క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2022లో తేల్చింది. గట్టి ఆధారాలున్నవి రెండు: మూత్రాశయ క్యాన్సర్, ఊపిరితిత్తుల పొరకు ఎక్కువగా వచ్చే మెసోథీలియోమా. రెండోదాన్ని ముందే పట్టే నమ్మకమైన పరీక్ష లేదు. పాత గోడౌన్ల ఆస్బెస్టాస్ రేకులు పగిలేచోట, మంటలు ఆరాక కూడా బీఏ సెట్ (శ్వాసకు గాలి అందించే మాస్కు, సిలిండర్) తీయకపోవడమే దారి.

మూత్రం విషయంలో మాత్రం జాగ్రత్తపడే వీలుంది. ఏడాదికోసారి యూరిన్ టెస్టులో ఎర్ర రక్తకణాలు చూడమనండి. ఇది పక్కా స్క్రీనింగ్ కాదు, చవకైన నిఘా. నొప్పి లేకుండా రక్తం పడి మర్నాడు ఆగిపోయినా యూరాలజిస్టును కలవాల్సిందే. స్కానింగ్ నార్మలంటే సరిపోదు. చదునైన గడ్డలు సిస్టోస్కోపీలోనే, అంటే సన్నని కెమెరా గొట్టంతో మూత్రాశయం లోపల చూసే పరీక్షలోనే దొరుకుతాయి. అన్నట్టు, డాక్టరుకు మీ ఉద్యోగం, సిగరెట్ అలవాటు రెండూ చెప్పండి.